పిల్లాడికి ఆకలి వేయనిస్తున్నామా?

పిల్లల డాక్టర్ల దగ్గర జలుబు, జ్వరం తర్వాత ఎక్కువగా వినపడే మాట "మావాడు ఏమీ తినడం లేదండీ" అన్నది. ఆ వెంటనే ఆకలి పుట్టే సిరప్ ఏదైనా రాయమంటారు. తీరా బరువు తూచి చూస్తే చాలామంది పిల్లలు వయసుకు తగ్గట్టే ఉంటారు. ఏమీ తినకుండా అంత బరువు రాదు కదా. రోజంతా ఏదో ఒకటి లోపలికి వెళ్తూనే ఉంది. వెళ్లనిది అన్నం, పప్పు, కూర మాత్రమే.

మూడేళ్ల పిల్లాడి రోజు ఒకటి తీసుకుని చూద్దాం. మన ఇళ్లలో ఇలాంటి రోజు చాలా మామూలు. పొద్దున ఏడింటికి లేవగానే గ్లాసు పాలు, అందులో రెండు చెంచాల పంచదార. ఎనిమిదిన్నరకు బతిమాలితే సగం ఇడ్లీ. పదింటికి నాలుగు బిస్కెట్లు. పన్నెండున్నరకు అన్నం కలిపితే మూడో ముద్దకే మూతి తిప్పేశాడు. "పాపం, ఏమీ తినలేదు" అని రెండింటికి ఇంకో గ్లాసు పాలు పట్టి పడుకోబెట్టారు. సాయంత్రం తాతయ్య వెంట కొట్టుకెళ్లి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ తెచ్చుకున్నాడు. రాత్రి ఫోన్ ముందు పెట్టుకుని గంటసేపు అన్నం. పడుకోబోయే ముందు మళ్లీ పాలు.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. మూడు గ్లాసులంటే 600 మిల్లీలీటర్లు. గేదె పాలైతే వాటిలోనే 600 పైచిలుకు కిలో కేలరీలు. ఆరు చెంచాల పంచదారకు ఇంకో 120. బిస్కెట్లు, చిప్స్ కలిపి 180 దాకా. మొత్తం 900 దాటిపోయింది. ఆ వయసు పిల్లాడికి రోజు మొత్తానికి కావలసిందే వెయ్యి, పదకొండు వందల మధ్య. ఇక అన్నానికి చోటెక్కడిది? ఆ పిల్లాడు మూతి తిప్పడం మొండితనం కాదు, కడుపు నిండిన సంగతి చెప్పడం. ఈ సమస్యకు మందు అన్నం పెట్టే వేళలో కనపడదు. దానికి ముందు రెండు గంటల్లో ఏం జరిగిందన్న దాంట్లో ఉంటుంది.

ఏడాది దాటాక ఆకలి తగ్గడం సహజం

ఇంకో సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది, అంటే ఆరు కిలోలు పెరుగుతుంది. రెండో ఏడు మొత్తం కలిపినా పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఆ తర్వాత బడికి వెళ్లే వయసు దాకా ఏటా రెండు కిలోలు, అటూ ఇటూగా. పెరుగుదల ఇంతగా నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలకు నడక వస్తుంది, ఆటల ధ్యాస పెరుగుతుంది, "వద్దు" అనడం వస్తుంది. ఇంట్లోవాళ్లకేమో మొదటి పుట్టినరోజు దాకా లొట్టలేసుకుంటూ తిన్న బిడ్డ ఉన్నట్టుండి మానేసినట్టు కనపడుతుంది. దిష్టి తీస్తారు, పక్కింటి పిల్లతో పోలుస్తారు, చివరికి కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని నోట్లో కుక్కడం మొదలుపెడతారు. తిండి అంటే పోట్లాట అని పిల్లలు నేర్చుకునేది అక్కడే.

ఎంత పెట్టాలన్న దానికి ఒక సులువైన కొలత ఉంది. వయసు ఎన్నేళ్లో, ఒక్కో పదార్థం అన్ని పెద్ద చెంచాలతో మొదలుపెట్టాలి. మూడేళ్లకు మూడు పెద్ద చెంచాల అన్నం, మూడు చెంచాల ముద్దపప్పు, మూడు చెంచాల కూర. పెద్దల కంచంలో ఇది పిడికెడంతే కనపడుతుంది కాబట్టి చిన్న పళ్లెంలో పెట్టడం మేలు. మారు అడిగితే ఎంతైనా పెట్టవచ్చు. అడగకపోతే తరమకూడదు.

పాలు మంచివే, కొలత దాటితేనే చిక్కు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం ఉన్నట్టు తేలింది. అంతకుముందు సర్వేతో పోలిస్తే రెండుచోట్లా పెరిగింది. దీనికి కారణాలు అనేకం. అయితే తిండికి లోటు లేని ఇళ్లలోనూ పిల్లల రక్తం పలచబడుతోందంటే ముందు చూడాల్సింది పాల గ్లాసునే.

మూడేళ్ల లోపు పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అరలీటరు పాలలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం, అదే పూట తిన్న పప్పులోని, ఆకుకూరలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. పాలు ఎక్కువ తాగి పీచు తక్కువ తినే పిల్లలకు మలబద్ధకం వస్తుంది. దాంతో ఉన్న ఆకలీ చస్తుంది. ఆకలి లేదని ఇంకో గ్లాసు పాలు పడతారు. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెగాలి.

ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు. పెరుగూ ఆ లెక్కలోదే. పాలు అన్నానికి ముందు కాకుండా అన్నానికి రెండు గంటలు ఎడంగా ఇవ్వాలి. సీసా అలవాటు ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు మాన్పించి గ్లాసుకు మార్చాలి. సీసాతో ఎంత తాగారో తెలియకుండానే లోపలికి పోతుంది. నోట్లో సీసా పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ముందు పళ్లు పుచ్చిపోతాయి. టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉంది. టీలోని వగరు పదార్థం కూడా ఇనుమును అడ్డుకుంటుంది కాబట్టి పిల్లలకు టీ అసలు వద్దు.

వేళలు పెట్టడం, వేళల మధ్య ఏమీ పెట్టకపోవడం

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్న మూడూ పెద్దల చేతిలో ఉండాలి. ఎంత తినాలన్నది పిల్లలకు వదిలేయాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఏం కావాలో పిల్లాణ్ని అడుగుతాం, ఎంత తినాలో మాత్రం మనం పట్టుబడతాం.

రోజుకు ఐదు వేళలు చాలు: టిఫిన్, పదకొండు ప్రాంతంలో పండు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదైనా చిరుతిండి, రాత్రి అన్నం. ఒక్కోదానికీ మధ్య రెండున్నర, మూడు గంటల ఎడం. ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. కూర్చున్న అరగంటలో తిన్నంత తిన్నాక, మిగిలితే కంచం తీసేయాలి. తిట్టకూడదు, దీనంగా మొహం పెట్టకూడదు, వెంటపడి మేడ మెట్ల మీద ముద్దలు పెట్టకూడదు. ఈ పూట తక్కువ తింటే వచ్చే పూట ఆకలి ఎక్కువేస్తుంది. పిల్లల తిండిని ఒక పూటతో కొలిస్తే కంగారు పుడుతుంది, వారంతో కొలవాలి. సోమవారం రెండు ముద్దలతో లేచినవాడు బుధవారం రెండు దోసెలు తింటాడు.

మొదటి మూడు, నాలుగు రోజులు ఏడుపు తప్పదు. ఈ పద్ధతి విఫలమయ్యేదీ ఎక్కువగా ఆ మూడో రోజునే. గంట ఏడ్చాక మనసు కరిగిన నాన్నమ్మ ఒక బిస్కెట్ చేతిలో పెడుతుంది. గంట ఏడిస్తే బిస్కెట్ వస్తుందని పిల్లాడికి అర్థమవుతుంది. రేపు గంటన్నర ఏడుస్తాడు. అసలు మొదలుపెట్టకపోయినా ఇంత నష్టం ఉండదు. అందుకని మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట మీదకు రావాలి. నాన్నమ్మ, అమ్మమ్మలకు ముద్ద పెట్టడం ప్రేమ చూపే దారి. ఆ దారి మూసేయకుండా, పదకొండింటికి జామపండు కోసిపెట్టే పని, సాయంత్రం పల్లీలు ఉడకబెట్టి ఒలిచిపెట్టే పని వాళ్లకే అప్పగిస్తే మాట నిలబడుతుంది. పల్లీలను ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలుగా ఇవ్వకూడదు. మెత్తగా ఉడికినా నలిపే పెట్టాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

ఫోన్, బుగ్గలో ముద్ద

ఫోన్ చూస్తున్న పిల్లాడు ముద్ద మూతికి తగలగానే నోరు తెరుస్తాడు. రుచి, వాసన, నమలడం, కడుపు నిండడం, వీటిలో ఏదీ అతని ధ్యాసలోకి రాదు. అందుకే ఫోన్ ముందు వంకాయ కూడా తినేసే పిల్లలు ఫోన్ లేకపోతే ఇడ్లీ ముట్టరు. వాళ్లకు వంకాయ అలవాటు కాలేదు, ఫోన్ అలవాటైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజంతా కలిపి గంట మించకూడదు. మూడు పూటలా ఫోన్ పెట్టి తినిపిస్తే ఆ గంట తిండి దగ్గరే అయిపోతుంది.

మాన్పించడం టిఫిన్ పూటతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుతో లేస్తారు కాబట్టి. లేవగానే ఇచ్చే పాలు ఆపితేనే ఇది పనిచేస్తుంది. పెద్దవాళ్లలో ఒకరైనా అదే సమయానికి, అదే టిఫిన్‌తో పక్కన కూర్చోవాలి. టీవీ కట్టేయాలి. పెద్దల ఫోన్లు కూడా వేరే గదిలో పెట్టాలి. ఒక వారం టిఫిన్ కుదిరాక మధ్యాహ్నం, ఆ తర్వాత రాత్రి.

ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చునే పిల్లలు చాలామంది ఉంటారు. చాలాసార్లు అది వద్దనుకున్న ముద్దను వాయిదా వేయడమే. ఉమ్మేస్తే తిడతారు, మింగడానికి మనసు రాదు. దాని మీద ఇంకో ముద్ద పెడితే వాంతి అవుతుంది. వాంతి అయితే ఆ కూర పేరు చెప్పినా భయపడతారు. రెండో కారణం నమలడం రాకపోవడం. ఎనిమిది, తొమ్మిది నెలలకే చేత్తో మెదిపిన, కాస్త పలుకు తగిలే అన్నం పెట్టాలి. పది నెలలు దాటినా అంతా మిక్సీలో వేసి పేస్టులా పెడుతూ పోతే గట్టి పదార్థం నోట్లో పడగానే ఓకరించడం మొదలవుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి, మెత్తటి పొంగలి, మెదిపిన దుంప, ఆవిరి మీద ఉడికించి వేలంత ముక్కలుగా కోసిన క్యారెట్ అంటూ మెట్టు మెట్టుగా రావాలి. చెంచా కానీ, చేయి కానీ, పిల్లాడే నోట్లో పెట్టుకునేలా వదిలేయాలి. నేల పాడవుతుంది. కింద పాత దుప్పటి పరిస్తే సరిపోతుంది.

బీరకాయ పది సార్లు

రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండి అంటే పిల్లలకు జంకు. ఇది అన్ని దేశాల పిల్లల్లోనూ ఉన్నదే. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు నాలుకకు తగలాల్సి రావచ్చు. మన ఇళ్లలో రెండు, మూడు సార్లు ప్రయత్నించి "మా అమ్మాయికి బీరకాయ పడదు" అని తేల్చేస్తారు.

చేయవలసిన తీరు ఇది. ఒక్క కూరగాయే ఎంచుకోవాలి. వారానికి రెండుసార్లు, పిల్లకు నచ్చిన పప్పన్నం పక్కన, గోరంత ముక్క పెట్టాలి. తినమని చెప్పకూడదు. తాకినా, వాసన చూసినా, నోట్లో పెట్టుకుని ఉమ్మినా లెక్కలోకి వచ్చినట్టే. ఐదారు వారాలు ఇలా నడపాలి. తియ్యదనం ఉన్న గుమ్మడి, క్యారెట్, చిలగడదుంపతో మొదలుపెట్టి, బీర, సొర, బెండల మీదుగా కాకర దాకా రావడం సులువైన వరస. చేదు పిల్లల నాలుకకు పెద్దల కన్నా ఘాటుగా తగులుతుంది. కాకరను ఆఖరున పెట్టింది అందుకే.

మన వంటలో ఇంకో అడ్డంకి కారం. కూర వద్దన్నారంటే చాలాసార్లు వద్దన్నది కూరలోని కారాన్నే. ముక్కలు మగ్గి, ఉప్పు పసుపు పడ్డాక, కారం వేసే ముందు పిల్లల వాటా గిన్నెలోకి తీసేస్తే అదే కూర అందరి కంచాల్లోకీ వస్తుంది. పిల్లలకు వేరే వంట చేయనక్కర్లేదు.

"బెండకాయ తింటే చాక్లెట్ ఇస్తా" అన్న మాట తాత్కాలికంగా పనిచేస్తుంది, దీర్ఘకాలంలో చెడగొడుతుంది. లంచం ఇస్తేనే తినాల్సినంత చెడ్డది బెండకాయ అని, కష్టపడి గెలుచుకోవాల్సినంత గొప్పది చాక్లెట్ అని పిల్లలకు అర్థమవుతుంది. తీపి ఇవ్వాలనుకున్న రోజు ఏ షరతూ లేకుండా ఇవ్వడం మంచిది. కూరగాయలను మెత్తగా రుబ్బి తెలియకుండా దోసెపిండిలో కలపడం వల్ల పోషకం అందుతుంది కానీ కూర అలవాటు కాదు. పైగా ఒకసారి దొరికిపోతే దోసె కూడా మానేస్తారు. దానికి బదులు వంటింట్లో ఒక పని ఇవ్వాలి: చిక్కుడుకాయ ఈనెలు తీయడం, బఠాణీలు ఒలవడం, తోటకూర తుంచడం. చేత్తో పట్టుకున్నది నోటికి తొందరగా చేరుతుంది. ఇవన్నీ చేసి, కంచం దగ్గర నాన్న వంకాయ ముక్క పక్కకు నెట్టేస్తే మాత్రం పిల్లలు చూసేది ఆ చేతినే.

పప్పుకట్టు, పల్చని జావ, లంచ్ బాక్స్

కడుపు నిండినా ఒళ్లు నిండని తిండి మన దగ్గర ఎక్కువ. పప్పుకట్టులో బలమంతా ఉంటుందన్న నమ్మకం ఇంకా పోలేదు. పైన తేరిన నీళ్లలో ఉండేది కొద్దిగా ఉప్పు, రుచి. మాంసకృత్తులు అడుగున ఉన్న పప్పులోనే మిగిలిపోతాయి. చంటిపిల్లలకు పెట్టే ఉగ్గు, జావ కూడా గరిటె వంచితే నీళ్లలా కారిపోకూడదు, మెల్లగా జారాలి. రెండు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు దోరగా వేయించి రవ్వలా ఆడించుకుంటే బియ్యంలో కొరవడింది పప్పు, పప్పులో కొరవడింది బియ్యం పూరిస్తాయి. ఉడికాక చెంచాడు నెయ్యి.

చిక్కటి ఉగ్గు మింగలేకపోతే నీళ్లు పోయనక్కర్లేదు, మొలకెత్తిన రాగి పిండి వాడవచ్చు. రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు ఉంచితే తెల్లటి మొలక వస్తుంది. ఎండబెట్టి, పెనం మీద చెమ్మ పోయేంత వరకే వేడి చేసి ఆడించాలి. రంగు మారేలా వేయిస్తే పని చేయదు, ఎందుకంటే మొలకలో పుట్టి, ఉగ్గును పల్చబరిచే ఎంజైమ్ అనే పదార్థం వేడికి చచ్చిపోతుంది. గోరువెచ్చగా చల్లారిన చిక్కటి ఉగ్గులో ఈ పిండి చిన్న చెంచాడు కలిపితే కొన్ని నిమిషాల్లో అది పల్చబడుతుంది. అదే గిన్నెడు, అంతే బలం, మింగడం తేలిక. రాగిలో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలు తగ్గించాక కాల్షియం ఎలా అన్న బెంగకు ఇది జవాబు.

బడి పిల్లల విషయంలో ఒక పోలిక పనికొస్తుంది. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో ఐదో తరగతి లోపు పిల్లలకు నిర్ణయించిన కొలత 100 గ్రాముల బియ్యానికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. మన రెండు రాష్ట్రాల్లో దానికి గుడ్డు కూడా తోడవుతుంది. ఎంతో ఫీజు కట్టే బడికి వెళ్లే పిల్లల బాక్సులో పులిహోర, నిమ్మకాయ అన్నం, టమాటా అన్నం వంతులవారీగా వెళ్తుంటాయి. కొలిచి చూస్తే వాటిలో అన్నం, నూనె తప్ప పెద్దగా ఏమీ లేవు. మార్చడం కష్టం కాదు. పులిహోరలో పల్లీలు (ఐదేళ్ల లోపు వాళ్లకైతే నలిపి), శనగపప్పు పిడికెడు వేయాలి, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టాలి. నిమ్మకాయ అన్నంలో ఉడికిన శనగలు కలిపితే నిమ్మరసం ఆ శనగల ఇనుమును ఒంటికి పట్టిస్తుంది, అయితే రసం పొయ్యి దించాకే పిండాలి. జామ, బత్తాయి, ఉసిరి కూడా ఇదే పని చేస్తాయి. మాంసం తినే ఇళ్లలో వారానికోసారి రెండు, మూడు ముక్కల కార్జం చాలు, ఎక్కువ వద్దు.

తీపి పానీయాల గురించి చెప్పాల్సింది కొంచెమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు 25 గ్రాముల చక్కెరకు మించవద్దని, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు కలపవద్దని చెప్పాయి. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ఒక్కటే ఆ హద్దు దాటిస్తుంది. పాలలో కలిపే పొడులను 'ఆరోగ్య పానీయాలు' అన్న వరసలో చూపించవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది, ఆహార భద్రత చట్టంలో అలాంటి వర్గమే లేదు కాబట్టి. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు ఉండకూడదని 2025 అక్టోబరులో ఆదేశాలు రావడం వెనక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. విరేచనాలైన బిడ్డకు పట్టాల్సింది ఇలాంటి తీపి పానీయం కాదు, అసలైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్. తల్లిపాలు, తిండి మాత్రం ఆపకూడదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు

అంగన్‌వాడీ కార్డులోని బరువు గీత కిందికి వంగినా, మూడు నెలలుగా బరువు కదలకపోయినా, పిల్లలు మట్టి, సుద్ద, పచ్చిబియ్యం తింటున్నా, అరచేతులు పాలిపోయినా ఆలస్యం చేయకూడదు. మట్టి తినడం చెడ్డ అలవాటని కొడతారు, అది చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు. ఇన్నాళ్లూ తిన్నవి ఒక్కొక్కటే మానేస్తూ నాలుగైదు పదార్థాలకే పరిమితమైన పిల్లలను కూడా చూపించాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా మానకూడదు. ఆకలి సిరప్‌లలో చాలా వాటిలో ఉండే సైప్రోహెప్టడైన్ నిజానికి అలర్జీ మందు. మగత తెస్తుంది, ఆపగానే దాని వల్ల వచ్చిన ఆకలీ పోతుంది. సొంతంగా కొని వాడవద్దు.

వెళ్లేముందు మూడు రోజుల తిండి ఒక కాగితం మీద రాసుకోవాలి. అందులో ఒకటి సెలవు రోజైతే మంచిది. ఎన్నింటికి, ఏది, ఎంత, ఎవరు పెట్టారు, ఎక్కడ కూర్చుని తిన్నారు. పాలను గ్లాసుల్లో కాక మిల్లీలీటర్లలో రాయాలి, ఇంట్లో గ్లాసులన్నీ ఒక కొలతవి కావు. పక్కింటివాళ్లు పెట్టిన జంతిక, బస్సులో కొన్న బిస్కెట్ ప్యాకెట్, రాత్రి రెండింటికి లేచి తాగిన సీసా పాలు కూడా అందులోకి రావాలి.